కుడిచెవి దగ్గర గంట

ఇస్త్రీ యంత్రం నోట్లోంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికి వచ్చింది. లోనీ డ్వోరాక్ దాని రెండు కొసలూ పట్టుకుని, ఎదురుగా ఉన్న మేవిస్ మిగతా రెండూ అందుకునేదాకా ఆగాడు. ఇద్దరూ దగ్గరికి నడిచారు, మడిచారు, వెనక్కి జరిగారు, మళ్లీ దగ్గరికి నడిచారు. మడత పూర్తయ్యాక లోనీ దాన్ని గుట్ట మీద పెట్టి అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. చరచకపోతే దుప్పటికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ చప్పుడు వింటేనే మేవిస్ తరవాతి దానికి చెయ్యి చాస్తుంది, అంతే.

ఆసుపత్రి నేలమాళిగకు కిటికీలు లేవు. పైన ఎవరు పుట్టారో, ఎవరు పోయారో కింద వీళ్లకు గుడ్డల్ని బట్టే తెలియాలి. లోనీ మీసాలు సరిగా రాని వయసులో ఆ మెట్లు దిగాడు. ఇప్పుడు ఆ మీసాలు తెల్లబడి, కాఫీ తగిలి చివర్లు పసుపెక్కాయి. పొట్టి మెడ, ముందుకు వంగిన భుజాలు, నున్నటి బట్టతల, ఏళ్ల తరబడి ఆవిరి తగిలి వెంట్రుకలూడిన ముంజేతులు. ఆరబెట్టే యంత్రం పక్కన ఎప్పుడూ ఒకే వైపు తిరిగి నిలబడ్డందుకు ఎడమచెవి పూర్తిగా పోయింది. ఆసుపత్రివాళ్లు పై అంతస్తు డాక్టరు చేత ఉచితంగా పరీక్ష చేయించి, చెవి పోయిన మాట నిజమేనని తేల్చి చెప్పారు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

"ఇవాళేగా నీ దయ్యాల పండగ?" మేవిస్ గట్టిగా అరిచింది. కుడివైపుకు వచ్చి మరీ అరిచింది.

"ఇవాళే."

"సిగ్గులేదురా నీకు. నా మనవడే మానేశాడు."

"నీ మనవడికి భయమెక్కువ."

మధ్యాహ్నం షిఫ్టు దిగేటప్పుడు అల్మారాలోంచి లోనీ తీసిన గుడ్డసంచీ మీద మేవిస్ కన్ను పడింది. అడక్కుండానే చెయ్యి పెట్టి ఒకటి బయటికి లాగింది. దుప్పట్ల బండికి వేసే మందపాటి కాన్వాసుతో కుట్టిన మోకాలిమెత్త అది. లోపల గొర్రెబొచ్చు పరిచి ఉంది. మోకాలిచిప్ప కూర్చునే చోట గుండ్రంగా గుంట వదిలాడు. రెండు వరసల కుట్టు, కట్టుకోవడానికి వెడల్పాటి పట్టీలు.

"ఈ బొచ్చు ఐదో అంతస్తుదే కదూ? మంచంలోంచి లేవలేనివాళ్ల కింద వేస్తారే, అదేగా?"

"పారేసిందే. దుప్పట్ల బండి తోసుకుని పైకెళ్లినప్పుడు తెచ్చా. మూడుసార్లు ఉతికాను."

"ఎవరికి?"

"ఒకాయనకి."

"పేరు లేదా ఆయనకి?"

"ఉండే ఉంటుంది. నాకు తెలీదు."

మేవిస్ మెత్తను అటూ ఇటూ తిప్పి చూసి, సంచీలో పడేసింది. "పేరు తెలీని మగాడికి ఇంత కుట్టు కుట్టావు. ఇన్నేళ్లుగా నీ ఎదురుగా నిలబడి చస్తున్నాను, నాకు ఒక చేతిరుమాలు కుట్టి ఇచ్చిన పాపాన పోలేదు."

లోనీ నవ్వలేదు. నవ్వు రాక కాదు, మనసు అప్పటికే ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న పార్కు గేటు దగ్గర ఉంది.

*

ఆ పార్కులో వేసవి పిల్లలది. సెప్టెంబరు వచ్చాక అది లోనీలాంటి వాళ్లది. రంగులరాట్నానికి నల్లగుడ్డ కప్పి, తినుబండారాల కొట్లకు సాలెగూళ్లు తగిలించి, వీధి వీధికీ ఒక దయ్యాల గుంపును వదులుతారు. దయ్యాలంటే పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని, రాత్రి గంటకింత చొప్పున రంగు పూసుకునే మనుషులు. హాలోవీన్ దాకా సాగే ఈ పండగలో, తొలి రాత్రి చీకటి పడుతుండగా సైరన్ మోగి తాడు కింద పడుతుంది. తాడు ముందు మొదటి వరసలో నిలబడేది పాత అభిమానులు. పార్కువాళ్లు రాసిపెట్టిన నియమం కాదది. అయినా కొత్తవాళ్లెవరూ అక్కడ నిలబడరు. నిలబడితే వాండా ఊరుకోదు.

గేటు దగ్గర కాపలా అమ్మాయి సంచీలో పుల్ల పెట్టి మెత్తల్ని లేపి చూసింది.

"ఇవేంటి సార్?"

"మోకాళ్లకి."

"నొప్పులా?"

"ఆఁ, నొప్పులే," అన్నాడు లోనీ. నొప్పులు ఎవరివో ఆ అమ్మాయి అడగలేదు.

వాండా అప్పటికే తన కరెంటు బండి మీద కూర్చుని తాడుకు ఆనించేసింది. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. పిల్లల్ని కసిరి కసిరి ఆ గొంతు రేకుడబ్బాలో రాళ్లు పోసినట్టు తయారైంది. చెవులకు ప్లాస్టిక్ గబ్బిలాలు, ఒంటి మీద ఈ పండక్కి ఏటా ఇచ్చే బిళ్లలన్నీ గుచ్చిన నారింజరంగు చొక్కా. ఒళ్లో వెనిగర్ చల్లిన ఫ్రైస్ పొట్లం.

"రారా, నీ చోటు ఖాళీగానే ఉంది. ఒక కాలేజీ కుర్రాడు నిలబడబోయాడు, కాలి మీదికి బండి ఎక్కిస్తానన్నా." లోనీ కుడివైపుకు బండి జరుపుకుంది. ఆ చెవి సంగతి ఆమెకూ తెలుసు. "సంచీలో ఏంటి, పెళ్లి ఉంగరమా?"

లోనీ తెరిచి చూపించాడు. వాండా ఫ్రైస్ నమలడం ఆపింది.

"గంట తాతకా?"

"ఊఁ. ఇవాళ నా చేత్తో ఇచ్చి, ఒక్క మాట మాట్లాడదామని."

"మాట్లాడతావా? మాస్కు వేసుకున్నవాడితోనా? మతుండే అంటున్నావా?"

"పోయినేడు చూశావుగా. దీపస్తంభం పట్టుకుంటే గాని లేవలేకపోయాడు."

"చూశా. చూసి తల పక్కకి తిప్పుకున్నా. అదిరా మర్యాదంటే. ఆయన చచ్చిన పడవ కెప్టెను. చచ్చినవాడికి మోకాళ్ల నొప్పులుంటాయా? ఉన్నాయని నువ్వు మొహం మీద చెబితే ఇంక ఆయనకేం మిగులుతుంది?"

లోనీ సంచీ మూతి ముడిచాడు. ఆమె అన్నది తప్పని కాదు. చెప్పకపోతే తనకేం మిగులుతుందనేది కూడా ఉంది కదా.

మునిగిన రేవు అనే వీధిలో గంట తాత మొదటినుంచీ ఉన్నాడు. నాచు వేలాడే పొడవు కోటు, ఉబ్బిపోయిన శవం మొహం మాస్కు, నడుముకు తుప్పుపట్టిన పడవ గంట. మోకాళ్లకు ఇనపరేకులు కట్టుకుని, పొగలోంచి పరుగున వచ్చి, రాతి బాట మీద మోకాళ్ల మీద జారుతూ నిప్పురవ్వలు రేపి, మనిషి వెనక ఆగి ఒక్కటంటే ఒక్కసారి గంట కొడతాడు. మొదటి ఏడు లోనీ నిజంగానే దడుచుకుని వెనక్కి పడ్డాడు. రెండో ఏడు తాత ఎడమచెవి దగ్గర కొట్టాడు. లోనీకి వినబడలేదు, నిలబడే ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తాత తల ఒక పక్కకు వంచి కాసేపు చూశాడు. చుట్టూ తిరిగి వచ్చి కుడిచెవి దగ్గర కొట్టాడు. ఆ తరవాత ఏ ఏడూ, వేలమంది మొహాల మధ్య కూడా, ఆయన వైపు తప్పలేదు.

అసలు సంగతేమిటంటే, మూడో ఏటికే లోనీకి భయం పోయింది. గంట ఎప్పుడు మోగుతుందో, రవ్వలు ఎంత దూరం లేస్తాయో అన్నీ తెలిసిపోయాయి. అయినా పడుతూనే వచ్చాడు. కావాలని, చేతులు గాల్లోకి విసిరి, గావుకేక పెట్టి పడేవాడు. పడ్డప్పుడల్లా తాత భుజాలు సంతోషంతో పైకి లేచేవి. లేవడానికి చెయ్యి అందించినట్టే అందించి, చటుక్కున లాక్కునేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. లోనీ చేసిన పనికి ప్రపంచంలో ఒక మనిషి అంత సంబరపడింది అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. దుప్పటి ఎంత బాగా మడిచినా దాని మీద పడుకునేవాడు మడిచిందెవరని అడగడు.

తల్లి పోయిన ఏడు కూడా వచ్చాడు. టిక్కెట్టు ముందే కొనేసి ఉండటం వల్ల వచ్చాడు. ఆ రాత్రి గంట మోగితే పడలేకపోయాడు. రేవు చివర ఉన్న చెక్కబెంచీ మీదికి పోయి కూర్చున్నాడు. కాసేపటికి తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. మాట్లాడలేదు, భయపెట్టలేదు, మాస్కు తియ్యలేదు. స్పీకర్లలో పాత నావికుల పాట ఒకటి మొదలై అయిపోయేదాకా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే ఉన్నాడు. లేచి వెళ్లిపోయాడు. చర్చిలో తల్లి గురించి మాట్లాడిన వాళ్లెవరి మాటలూ లోనీకి ఇప్పుడు గుర్తులేవు.

ఆ ఒక్క మాటే చెప్పాలనుకున్నాడు ఇవాళ. ఆ రాత్రి కూర్చున్నందుకు.

*

సైరన్ మోగింది. తాడు పడింది. తీపి మాడిన వాసన వేసే పొగ కాళ్ల మీదుగా పాకింది. లోనీ సంచీని ఎడమచంకలో పెట్టుకుని రేవు వీధిలోకి అందరికంటే ముందు అడుగుపెట్టాడు. వెనకే వాండా బండి కుయ్యిమంటోంది. ఎక్కడో ముందర రాతి మీద ఇనుము గీసుకున్న చప్పుడు. రవ్వలు లేచాయి. లోనీ నడక నెమ్మది చేసి, కుడిచెవి రిక్కించి, పడటానికి ఒంటిని వదులు చేసుకున్నాడు.

ఏమీ మోగలేదు.

మరి నాలుగడుగులు వేశాడు. వెనక జనం కిసకిసలాడారు. ఎవరో పిల్ల "వాడికి వినబళ్లేదే!" అంది. వాండా మొహం చూశాడు. ఆమె కళ్లు లోనీ ఎడమ భుజం వెనకకు చూస్తున్నాయి. లోనీ తిరిగాడు.

ఎడమచెవి పక్కన గంట ఊగుతూ ఉంది. అదే గంట. అదే కోటు, అదే ఉబ్బిన మొహం. మాస్కు కన్నాల్లోంచి కళ్లు ఆత్రంగా చూస్తున్నాయి. ఆ మాస్కు మళ్లీ కొట్టింది, ఇంకాస్త గట్టిగా, మళ్లీ ఎడమవైపే. ఆ రెండో ఏడు తప్ప తాత ఎప్పుడూ రెండోసారి కొట్టలేదు.

"ఎవరు నువ్వు?" అన్నాడు లోనీ.

బిగ్గరగానే అన్నాడు. కిసకిసలు ఆగిపోయాయి. మాస్కు లోపలివాడు ఒక క్షణం బిగుసుకుపోయి, గంటను చేత్తో పట్టుకుని, పొగలోకి పరుగెత్తాడు. పరుగు తేలిగ్గా, గంతులు వేస్తున్నట్టు ఉంది. ఆ మోకాళ్లకు ఇంకా ఏ నొప్పీ తెలియదు.

"అంత మాట అంటావా?" వాండా పళ్లు కొరికింది. "వందమంది ముందు! నీ పెద్దరికం తగలెయ్య."

"ఆయన కాదు వాండా."

"కాదని నాకూ తెలుసు. జారడం మొదలుపెట్టినప్పుడే తెలిసింది. అయితే? కాకపోతే అడుగుతామా?" గొంతు తగ్గించింది. "వేరే వీధికి మార్చి ఉంటారు. రైలుబండి దగ్గర వేసుంటారు. ఊరికే గుండె బాదుకోకు."

లోనీ ఆగలేదు. రేవు చివర, చెక్కకంచెకు ఉన్న చిన్న తలుపు వైపు నడిచాడు.

ఆ తలుపు దగ్గర ఓపల్ సిగరెట్టు కాలుస్తూ ఉంటుంది. ఆ వీధి దయ్యాలకు కోట్లు కుట్టేదీ, రంగు పూసేదీ ఆమే. మెడలో కొలత టేపు, జాకెట్టు నిండా పిన్నీసులు, వేళ్లకు ఎండిన రబ్బరు రక్తం. లోనీని చూస్తే ఏటా తల ఊపేది. ఈసారి లోనీ తల ఊపకుండా సంచీ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు.

ఓపల్ మెత్తను సిగరెట్టు వెలుగులో చూసింది. బొచ్చు నొక్కి చూసింది. పట్టీని టేపుతో కొలిచింది, అలవాటుగా.

"సరిగ్గా సరిపోయేవి ఆయనకి," అంది. "చూపుతోనే కొలిచావా?"

"ఎక్కడున్నాడు?"

"అడక్కూడదని తెలుసుగా లోనీ."

"తెలుసు. ఎక్కడున్నాడు?"

ఓపల్ కంచె మీద సిగరెట్టు నలిపింది. "పోయాడు. మార్చిలో. పార్కువాళ్లు చెప్పరు. కోటు ఇస్త్రీ చేసి ఇంకొకడికి తొడగమన్నారు, తొడిగాను. మనిషి పోతే వాళ్లకు ఖర్చేముంది, మాస్కు పోతేనే కొత్తది చేయించాలి. హార్లన్ ఆయన పేరు. ఊళ్లో నీళ్ల మీటర్లు చూసేవాడు. ఇల్లూ వాకిలీ ఏదో అద్దె గది."

హార్లన్. లోనీకి ఆ పేరు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉబ్బిన మొహానికీ నాచు కోటుకీ అది అతకలేదు.

"మీ ఆసుపత్రిలోనే ఉన్నాడు చివర్లో," అంది ఓపల్. "ఐదో అంతస్తు."

లోనీ ఆమె చేతిలో ఉన్న మెత్త బొచ్చు వైపు చూశాడు.

"నిన్ను చూశాడట. తలుపు తెరిచి ఉంటే, నువ్వు దుప్పట్ల బండి తోసుకుంటూ పోయావట. ఒకసారి కాదు, చాలాసార్లు. నేను చూడ్డానికి వెళ్తే ఇదే చెప్పేవాడు. 'మన బట్టతలోడు ఇక్కడే పనిచేస్తాడే ఓపల్!' అని, లాటరీ తగిలినట్టు."

"పిలవలేదే నన్ను."

"నేనూ అదే అడిగా. కసిరాడు నన్ను. 'పిచ్చిదానా, నన్నిలా మూత్రం గొట్టంతో చూస్తే వాడింక పడతాడా?' అన్నాడు. సెప్టెంబరుకి లేచి తిరుగుతాననే అనుకున్నాడు మహానుభావుడు." ఓపల్ ముక్కు చీదింది. "నువ్వంటే అంత గర్వం ఆయనకి. కొత్త పిల్లలొస్తే చెప్పేవాడు. 'మిగతావాళ్లంతా భయం నటిస్తార్రా, ఆ బట్టతలోడొక్కడే నిజంగా భయపడతాడు, వాణ్ని చూసి నేర్చుకోండి' అని." ఆగి, లోనీ మొహంలోకి చూసింది. "నిజంగానే భయపడేవాడివిగా?"

పొగ యంత్రం బుస్సుమంది. అవతల ఎవరో ఆడపిల్ల కెవ్వుమని, వెంటనే నవ్వింది.

"చచ్చేంత," అన్నాడు లోనీ.

ఓపల్ తల ఊపింది. మెత్తలు తిరిగి సంచీలో పెడుతూ, "ఇవి ఈ కొత్తవాడికి పనికిరావు. వాడి కాళ్లు చీపురుపుల్లలు, చీలమండల దాకా జారిపోతాయి," అంది. లోపలినుంచి ఎవరో పిలిచారు. తలుపు సగం మూసి, మళ్లీ తెరిచింది. "వాడికి ఏ వైపో చెప్పనా?"

లోనీ భుజాలు ఎగరేశాడు. చెప్పమని కాదు, వద్దనీ కాదు.

*

బెంచీ అక్కడే ఉంది. ఈ ఏడు దాని మీద తెగిన వల ఒకటి, ఖాళీ చేపలబుట్ట ఒకటి అలంకారంగా పెట్టారు. లోనీ బుట్టను పక్కకు జరిపి, ఎడమ కొసన కూర్చున్నాడు. సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగా జనం ప్రవాహంలా పోతున్నారు. ఏడ్చే పిల్లలు, ఫోన్లు పైకెత్తిన పిల్లలు, ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్న జంటలు. వాండా దూరం నుంచి అతన్ని చూసి బండి ఆపింది. చూసి తల పక్కకి తిప్పుకుని, ముందుకు పోయింది.

ఐదో అంతస్తు నడవా ఎంత పొడుగో లోనీకి తెలుసు. బండి ముందు చక్రం ఒకటి వంకర, ఎప్పుడూ కుడివైపుకు లాగుతుంది. అందుకని దాన్నే చూసుకుంటూ తోస్తాడు. గదుల్లోకి చూడడు. మంచాల మీది మనుషుల్ని చూడకపోవడం కూడా మర్యాదేనని, పనిలో చేరిన కొత్తలో ఎవరో నేర్పారు.

రాతి మీద ఇనుము గీసుకుంది. దగ్గరికి వచ్చింది. ఆగింది.

కుడిచెవి దగ్గర గంట ఒక్కసారి మోగింది.

ఓపల్ చెప్పినట్టుంది. వెనక నిలబడి ఊపిరి బిగబట్టినవాడి ఉనికి లోనీకి మెడ మీద తెలుస్తోంది. ఇక తను పడాలి. కూర్చున్న మనిషి పడటానికి పెద్ద దూరం ఉండదు, పక్కకి ఒరిగినా చాలు.

లోనీ పడలేదు. వెనక్కి తిరగలేదు. వలను మడిచి బుట్టలో పెట్టి, మరి కొంచెం ఎడమకు జరిగాడు, ఇంకొకరికి చోటిస్తున్నట్టు.

మాస్కువాడు ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఖాళీ అయిన చోటు చూశాడు, లోనీని చూశాడు. ఏం చెయ్యాలో వాడికి ఎవరూ చెప్పలేదు. గంటను ఊరికే అటూ ఇటూ ఊపాడు, మోగకుండా. అంతలో ముగ్గురు ఆడపిల్లలు కేకలేస్తూ వచ్చేసరికి బతుకు జీవుడా అని వాళ్ల వెంట పడ్డాడు.

సరస్సు మీంచి గాలి చల్లబడేదాకా లోనీ కూర్చున్నాడు. స్పీకర్లలో నావికుల పాట వచ్చింది, అయిపోయింది. లేచాడు. సంచీలోంచి మెత్తలు రెండూ తీసి, పక్కనున్న ఖాళీ చోట, మోకాళ్లు ఆనేంత ఎడంగా, బొచ్చు పైకి ఉండేలా పెట్టాడు. వాటి మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. ఖాళీ సంచీని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, జనానికి ఎదురు నడుస్తూ గేటు దాటాడు.

పొద్దున ఊడ్చేవాళ్లు వచ్చారు. చెల్లాచెదురుగా పడున్న కప్పులు ఏరారు, బెంచీ తుడిచారు. ఆ వీధిలో ఉన్న ప్రతి చెత్తా ఎవరో ఆలోచించి పెట్టిన అలంకారమే కాబట్టి, వలనూ, బుట్టనూ, మెత్తల్నీ కదిలించకుండా వాటి చుట్టూ తుడిచారు. మర్నాడూ అంతే చేశారు. హాలోవీన్ వచ్చి వెళ్లేదాకా ఆ రెండు మెత్తలూ అక్కడే, పక్కపక్కన, సరస్సు తడికి బొచ్చు అట్టలు కట్టి, మధ్యలో గుండ్రటి గుంటల్లో ఇంత నీళ్లు నింపుకుని ఉన్నాయి.